కనక, ముక్కుపురుగుల సాక్ష్యం

నా మేనకోడలు కనక గురించి రాయాలంటే ముందు ఆమె గెలుపులు చెప్పాలి. అయిదో తరగతితో చదువు ఆపిన నేను పదేళ్లు వార్డు మెంబరుగా చేసి, ఊరికి మంచినీటి గొట్టం రప్పించాను. కనక నన్ను మించింది. ముంచింగిపుట్టు హాస్టల్లో ఉండి పది పాసైంది. కాఫీ పండ్లు ఒలిచే మిషన్ చెడితే విప్పి బాగుచేసింది. అనంతగిరి అవతల మా కొండగుహ తవ్వడానికి విశాఖ నుంచి అనురాధ మేడమ్ వచ్చినప్పుడు, ఆ ఇరుకులో దూరగలిగింది కూడా ఆమె ఒక్కతే.

మేడమ్ వెతికింది బంగారం కాదు, ఎప్పుడో చచ్చిన పురుగులు. మట్టిని నీళ్లలో కలిపి కిరసనాయిలు పోస్తే పురుగుల చిప్పలు పైకి తేలతాయి. పేడపురుగైతే పశువులుండేవని, చెక్కపురుగైతే అడవి ఉండేదని తెలుస్తుందట. ఒకరోజు అడుగు మట్టిలో ముక్కుపురుగుల తలలు తేలాయి.

"ఇది నిలవ గింజల్లో బతికే పురుగు. పూర్వం ఇక్కడ ధాన్యం దాచి ఉండాలి," అంది మేడమ్.

ఊరంతా పొంగిపోయింది. మీరు నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు, ఈ పోడు మీది కాదని అధికారులు అంటున్నారు. విచారణ దగ్గరపడింది. మేడమ్ రాసే కాగితం చూపిస్తే తాతలనాటి నుంచీ ఇక్కడే పండిస్తున్నామన్న మా మాటకు బలం.

ఆ సాయంత్రం కనక నా దగ్గరకొచ్చింది.

"మావయ్యా, ఆ పురుగులు పూర్వపువి కావు. మనింటివే."

"ఏటంతన్నావే?"

"రోజూ గునపం దించేముందు గోతిలో గుప్పెడు జొన్నలేసి మట్టి కప్పుతాను కదా. నువ్వు నేర్పిందే. అవి కిందటేటి పుచ్చు జొన్నలు. గింజలు ఎలకలు తినేసినాయి, పురుగులు మిగిలిపోనాయి."

ఇనుము తగలకముందే నేలకి ఇంటి గింజ పెట్టడం మా ఆచారం.

"విచారణ అయ్యేదాకా నోరు మూసుకో గుంటా," అన్నాను.

"ఈలోగా ఆవిడ రాసేత్తాది. రేపు ఎవుడో కనిపెడితే మనది దొంగసాక్ష్యం అంతాడు."

"సెప్పేసి ఊళ్లో ఉండగలవేటి?"

కనక గుహలో వంగినట్టే మా ఇంట్లోనూ వంగి కూర్చుంది.

తెల్లారి అందరి ముందూ మేడమ్‌తో చెప్పేసింది. మా పూజలు చేసే బుధు మండిపడ్డాడు.

"ఊరి కూడు తిని ఊరి నోట్లోనే మట్టి కొట్టినావే!"

 మేడమ్ మాత్రం అంది: "ఈ మట్టి ఇక పనికిరాదు. గుహ చివర కన్నంలో ఎవరూ గింజ వెయ్యలేదు. అక్కడి మట్టి కావాలి."

"గింజెట్టకుండా ఇనుము దించితే కొండ ఊరుకోదు," అన్నాడు బుధు.

"గింజ పెడితే నేను ఊరుకోను," అంది మేడమ్.

ఆ కన్నంలో పట్టేది కనక ఒక్కతే. తెచ్చిన జొన్నలు నా గుప్పిట్లో పోసింది.

"బయటే పట్టుకో మావయ్యా. నాను ఇనుము ముట్టను. సేత్తోనే గోకుతాను."

తాడు కట్టిన చిన్న సంచితో ఆమె తల, నడుం, పాదాలు లోపలికి మాయమయ్యాయి. కాసేపటికి బుధు కన్నం దగ్గర నోరుపెట్టి అరిచాడు.

"ఏటే, ముక్కుపురుగు కనబడిందేటి?"

"ఊపిరి తీసుకోడానికే సోటు లేదు, పురుగుని ఎక్కడ సూసేది! బేగి సంచి లాగండి."

తాడు పట్టి సంచి లాగాం. మేడమ్ అక్కడే మట్టి కలిపి కిరసనాయిలు పోసింది. అందరం తొట్టిమీద వంగాం. తేలినవన్నీ చెక్కపురుగులే. ముక్కుపురుగు ఒక్కటీ లేదు.

"ఏటి తేలింది మావయ్యా?" లోపల్నుంచి అడిగింది.

"సెక్కపురుగులే."

జొన్నలు ఇంకా నా గుప్పిట్లోనే ఉన్నాయి.

"బయటెవురున్నారు?"

"అందరూ," అన్నాను.

ఆమె పాదాలు ఒక బెత్తెడు బయటికొచ్చి, అక్కడే ఆగిపోయాయి.