గాలికి ఊగని దిష్టిబొమ్మ

కాలేజీ బస్సులో నా సీటు వెనక టైరు మీద ఉండేది. అక్కడ కాళ్ళు పెట్టుకునే చోటుండదు కాబట్టి ఎవరూ కూర్చోరు. ఎవరూ కూర్చోరు కాబట్టి ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. మేడ్చల్ దగ్గరి కాలేజీ నుంచి శామీర్‌పేట మీదుగా మా తూంకుంట దాకా ఒళ్ళో ఒక పుస్తకం తెరిచి పెట్టుకుని వచ్చేదాన్ని. చదివేదాన్ని కాదు. ఆ కుదుపులకి అక్షరాలు నిలిచేవి కావు. పుస్తకం ఉంటే ఎవరూ పలకరించరని, అంతే.

రెండో ఏడాదిలో మేడ్చల్ బస్టాండు వెనక సందులో ఒక నెట్ సెంటర్ పెట్టారు. ప్లైవుడ్‌తో విడదీసిన అరలు, ఒక్కో అరకి ఒక పూల కర్టెన్. మొహం గోడ వైపు, వీపు కర్టెన్ వైపు. ల్యాబ్ లేని మధ్యాహ్నం అసైన్‌మెంటు కోసం వెతుకుతూ ఒక పేజీలో పడ్డాను. అన్నీ చిన్న చిన్న దయ్యం కథలు, ఇంగ్లీషులో. రాసినవాళ్ళ పేర్లు లేవు. కొన్ని పది వాక్యాలు, కొన్ని రెండే. ప్రతివాళ్ళూ ‘పోయిన వారం నాకు జరిగింది’ అన్నట్టే రాశారు. నవల అయితే భయపడాలా వద్దా అని ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. ఇవి ఇవ్వవు. ఇంకా నమ్మాలో లేదో తేల్చుకోకముందే అయిపోయేవి, తేల్చుకోవడం మన మీద పడేది. వెనక కర్టెన్ కదిలింది ఫ్యాను గాలికేనని నాకు తెలుసు. నా వీపుకి తెలియలేదు.

ఆ తర్వాత వీలు చిక్కినప్పుడల్లా వెళ్ళాను. ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని. కథని కాదు, అది ఎక్కడ పట్టుకుందో దాన్ని. ఫలానా కథలో దయ్యమే లేదు, అయినా స్నానానికి వెళ్ళినప్పుడు తలుపు గడియ రెండోసారి చూసుకున్నాను, ఎందుకు? ఫలానా దాంట్లో రక్తం, కేకలు అన్నీ ఉన్నాయి, చదివి ఆవలించాను, ఎందుకు? ఈ ప్రశ్నలు ఒకచోట కూర్చోనిచ్చేవి కావు. అన్నం ముందు కూడా అదే ఆలోచన. “ఏం సదువులో ఏమో, బువ్వ సల్లగైతాంది, సూస్త కూసున్నది” అనేది మా అవ్వ.

ఒకరోజు బస్సు నిండిపోయి, ఒకమ్మాయి గత్యంతరం లేక నా పక్కన కూర్చుంది. వాళ్ళది గుంటూరు వైపు. వాళ్ళ నాన్న బాలానగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం, అమ్మ అల్వాల్‌లో టీచరు. మా తూంకుంటలోనే కొత్త లేఅవుట్‌లో ఇల్లు కట్టుకుని వచ్చారు. ఆ లేఅవుట్ అంతకుముందు మా పెదనాయిన వాళ్ళ ద్రాక్షతోట. తోట తీసేసినా పందిరికి పాతిన రాళ్ళు కొన్ని ప్లాట్ల మధ్య అలాగే నిలబడి ఉండేవి. మొత్తం లేఅవుట్‌లో మనుషులు కాపురమున్న ఇల్లు వాళ్ళదొక్కటే.

“ఏం చదువుతున్నావే అంత సీరియస్‌గా?” అంది.

చెప్పకుండా ఉండలేకపోయాను. చెప్పడం మొదలుపెట్టేసరికి ముందు సీటులోని మేడ్చల్ అమ్మాయి వెనక్కి తిరిగింది. బస్సులో అందరికన్నా పెద్ద గొంతు ఆమెది.

“ఏందే, గీమె గిట్ల మాట్లాడుతదా? నేను మూగదనుకున్న.”

నా చెవులు వేడెక్కాయి. అయినా చెప్పాను. మంచు కురిసే ఊరు, చెక్క ఇల్లు, నేలమాళిగలోంచి చప్పుడు.

“నేలమాళిగ అంటే ఏంది? సెల్లారా?” అంది మేడ్చల్ అమ్మాయి. “మా కాకోళ్ళ అపార్ట్‌మెంట్ల ఉన్నది సెల్లారు. స్కూటర్లు వెడ్తరు. దయ్యానికి పార్కింగ్ దొరకాలె గద, పాపం.”

బస్సు వెనక భాగమంతా నవ్వింది. నా పక్కనున్న అమ్మాయి కూడా నవ్వి, తర్వాత నా మోచెయ్యి మీద చెయ్యి వేసింది. ఇంటికొచ్చేదాకా అదే ఆలోచించాను. అదే కథ కర్టెన్ ముందు కూర్చున్న నన్ను భయపెట్టింది, వీళ్ళని నవ్వించింది. ఆ కథ రాసిన మనిషి ఇంట్లో నేలమాళిగ ఉండి ఉంటుంది. రోజూ అందులోకి దిగి ఉల్లిగడ్డలో, బట్టలో తెచ్చుకునే మనిషికే అది భయం. మా దగ్గర రోజూ చూసి, చూడ్డం మానేసింది ఏముంది?

జవాబు వాళ్ళింటి డాబా మీద దొరికింది. బస్సులో పరిచయమయ్యాక ఆ అమ్మాయి నన్ను టీకి లాక్కెళ్ళేది. వాళ్ళింటికి ఎదురుగా స్లాబ్ వేసి వదిలేసిన ఇల్లొకటి ఉంది. దాని మొదటి అంతస్తు నుంచి దిష్టిబొమ్మ వేలాడేది. పాత ప్యాంటు, చొక్కాలో గడ్డి కుక్కి, మసికుండ తల పెట్టి, సున్నంతో కళ్ళూ పళ్ళూ దిద్దినది. కట్టే ఇల్లు ఉన్నచోటల్లా ఉండేదే. మా చుట్టుపక్కల ఇల్లు కట్టని వీధి ఎక్కడుంది కనుక? ఆ మధ్యాహ్నం గాలి బాగా వీస్తోంది. మేం ఆరిన బట్టలు తీస్తున్నాం, దుప్పటి నా చేతుల్లోంచి ఎగిరిపోతోంది. యథాలాపంగా ఎదురుగా చూశాను.

మర్నాడు బస్సులో మేడ్చల్ అమ్మాయి “ఇయ్యాల ఏం సెల్లారు జెప్తవమ్మా?” అంది. నేను రెండే వాక్యాలు చెప్పాను.

“మా డాబా మీద బట్టలు గాలికి ఎగురుతున్నయ్. ఎదురింటి దిష్టిబొమ్మ ఊగుతలేదు.”

ఆమె తర్వాతి మాట కోసం చూసింది. నేను పుస్తకం తెరిచాను.

“అయితే?” అంది.

నేను పేజీ తిప్పాను. ఆమె మొహం మెల్లగా మారడం చూశాను. మరుసటి రోజు బస్సెక్కుతూనే నా సీటు దాకా వచ్చింది. “నీ నోట్ల మన్నువడ. నిన్న మా గల్లీల దిష్టిబొమ్మ ముంగట గాలొస్తాందా లేదా అని ఏలు తడిచేస్కొని సూస్కుంట నిలవడ్డ. మా తమ్ముడు పిచ్చిలేసిందా అంటుండు.” శామీర్‌పేట అమ్మాయి కూడా చూసిందట, ఇంకొకరు చూడకుండా కళ్ళు మూసుకుని నడిచారట. ఆ రోజు నుంచి టైరు సీటు చుట్టూ జనం. నేను చెప్పే తీరు కుదిరింది. పరిచయమైన వస్తువు ఒక్కటి, అందులో తేడా ఒక్కటి, ఆపైన నోరు మూసుకోవడం. మూడో వాక్యం నాకు కూడా తెలిసి ఉండకూడదు. తెలిస్తే గొంతులో పట్టుబడిపోతుంది.

అందరూ నవ్వుతూ చెప్పుకుంటుంటే నవ్వనిది నా పక్కనున్న అమ్మాయి ఒక్కతే. పోల్చుకుందన్నమాట, అది వాళ్ళ డాబా అని.

కొన్నాళ్ళకి వాళ్ళమ్మ నన్ను ఇంటి గేటు దగ్గర ఆపింది. అప్పుడే బడి నుంచి వచ్చి, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

“నువ్వైనా చెప్పమ్మా దీనికి. మూడింటికి బస్సు దిగుతుంది, మేం వచ్చేదాకా ఇంట్లోకి వెళ్ళదు. మెయిన్ రోడ్డు మీద కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుంటోంది. కొట్టతను మా వారితో అన్నాడట, మీ అమ్మాయికి తాళంచెవి ఇవ్వరా అండీ అని. ఎంత తలవంపులు.”

“అమ్మా, ఊరుకో” అంది వెనక నుంచి కూతురు.

“ఊరుకునేదేంటే? నాన్నగారు మాట్లాడేశారు. వచ్చే నెల నుంచి సిటీలో హాస్టల్. అక్కడైతే గదికి నలుగురు. భయపడదామన్నా చోటుండదు.”

మాట సరదాగానే అంది కానీ మొహం అలా లేదు. హాస్టల్‌లో చేరితే ఆ అమ్మాయి ఈ బస్సెక్కదు. నా పక్క సీటు మళ్ళీ ఖాళీ. నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు అది. వెళ్ళాలని దానికీ లేదు. ఇల్లు కట్టేటప్పుడు తన గదికి ఏ రంగు వేయాలో తనే ఎంచుకుంది. కిటికీ అటూ ఇటూ మార్పించి, మేస్త్రితో పోట్లాడి మరీ.

“నా కథ వల్లనేనా?” అని అడిగాను, మేమిద్దరమే ఉన్నప్పుడు.

“నీ మొహం. వచ్చిన రోజు నుంచే నాకు భయం. చుట్టూ ఒక్క గిన్నె చప్పుడు ఉండదు, ఒక్క తిట్టు వినపడదు. దేన్ని చూసి భయమో తెలిసేది కాదు. నువ్వు చూపించావు, అంతే.”

ఇది డైరీలో రాసుకోదగ్గ మాట. కానీ దానితో ఆమె ఇంట్లోకి వెళ్ళలేదు కదా. కథని చంపాలంటే ఏం చేయాలో నాకు తెలుసు, కారణం చెప్పేయాలి. ఎదురింటికి తీసుకెళ్ళాను. ఎండలో, సిమెంటు బస్తాలు దాటుకుంటూ, సెంట్రింగ్ కర్రల మధ్య నుంచి మెట్లెక్కాం. దగ్గరికెళ్తే తెలిసింది. బొమ్మ నడుముకి బైండింగ్ వైరు చుట్టి పిల్లర్ ఊచకి కట్టేశారు. రాత్రి కాపలాకి మాత్రమే వచ్చే వాచ్‌మన్ అప్పుడే పక్క గుడిసె తలుపు తీస్తుంటే పిలిచి అడిగాను.

“నేనే కట్టేసిన బిడ్డా. గాలికి ఊకె పిల్లర్‌కు కొట్టుకుంటాంది. పండుకుంటే ఎవలో తలుపు కొట్టినట్టే ఉంటది.”

“చూసినవా?” అన్నాను గెలిచినట్టు. “తీగతోని కట్టేసిండ్రు. గందుకే ఊగలే.”

ఆమె ఆ వైరుని ఒకసారి లాగి చూసి మెట్లు దిగింది. దిగాక అంది, “కట్టేశారు సరే. కొట్టుకుంటున్నది గాలికేనని అతనికెలా తెలుసు?”

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు జలదరించింది. కారణంతో కథ చచ్చిపోతుందనుకున్నాను. కారణం చెబితే అది ఇంకో వాక్యం పెరిగింది.

ఇక మిగిలింది రోజూ ఆమెతో వెళ్ళి, వాళ్ళమ్మ వచ్చే వేళకి కాస్త ముందు దాకా కూర్చోవడం. నేను వెళ్ళాక మిగిలిన కాసేపు అది మళ్ళీ కిరాణా కొట్టు అరుగు మీదికే పోయేది. ఊరికే కూర్చుంటే ఇద్దరి చూపూ కిటికీ మీదే. “నీకెందుకు భయం లేదే? రోజూ అవే ఆలోచిస్తావు కదా” అని అడిగిందొకసారి. అప్పటిదాకా నాకు తట్టలేదు. నిజమే, నేను చదివినవి నన్ను పట్టుకున్నాయి, చెప్పినవి పట్టుకోలేదు. ఎక్కడ ఆపాలో చూసుకునేదానికి భయపడే తీరిక ఉండదు.

“అయితే నువ్వే చెప్పు ఒకటి” అన్నాను.

మొదట్లో ఘోరంగా చెప్పింది. తెల్లచీర, గజ్జెలు, విరబోసుకున్న జుట్టు.

“గజ్జెలు తీసెయ్.”

“గజ్జెలు లేకపోతే దయ్యమని ఎలా తెలుస్తుందే?”

“తెల్వద్దు. గదే గావాలె.”

“చీర ఉంచుకోనా?”

“ఎవలి చీర? మీ అమ్మదైతే ఉంచు.”

ఆ మాటకి “ఛీ, పాడుదానా” అని దిండు విసిరింది. కానీ పట్టుకుంది సూత్రం. తర్వాత వాళ్ళ ఇంట్లో ఏ వస్తువునీ వదల్లేదు. గ్యాస్ బండ, వాళ్ళ నాన్న హెల్మెట్, వాటర్ ట్యాంకు మూత. ఒక్కొక్కదాన్నీ దగ్గరికెళ్ళి, తిప్పి చూసి, చెప్పి, బాగా రాలేదని పెదవి విరిచి మళ్ళీ చెప్పేది. కిరాణా కొట్టు అరుగు మీద కూర్చోవడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. వాళ్ళమ్మ గమనించింది. “ఇవాళ నేనొచ్చేసరికి అన్నం వండేసిందమ్మా. తలుపులన్నీ తీసే ఉన్నాయి” అంది నాతో, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా. హాస్టల్ మాట ఆ నెలలో ఎవరూ ఎత్తలేదు, తర్వాతి నెలలోనూ ఎత్తలేదు.

ఒక శుక్రవారం బస్సులో మేడ్చల్ అమ్మాయి నన్ను కదిలిస్తుంటే, “ఇవాళ నేను చెప్తా” అంది నా పక్కనున్నది. అందరి వైపూ కాదు, నా వైపు తిరిగింది.

“నువ్వు మా ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు రోజూ డాబా ఎక్కి చూస్తాను, మలుపు దాకా కనిపిస్తావు. నిన్న నీ వెనకాల నడిచిన అమ్మాయి ఎవరే?”

డాబా ఎక్కుతోందా ఇది, ఒక్కతే, అని ముందు సంతోషం కలిగింది. ఆ తర్వాత రెండో వాక్యం నా దాకా చేరింది.

“కథనేనా?” అన్నాను.

“అడిగితే చెప్పకూడదని నువ్వే కదా నేర్పావు.”

“గిది మస్తున్నది” అంది మేడ్చల్ అమ్మాయి. “ఇగ గురువమ్మ పని ఖతం.”

ఆ సాయంత్రం కూడా వాళ్ళింటికి వెళ్ళాను. టీ తాగాం. ఎలాగైనా దాని నోటి నుంచి రాబట్టాలని చూశాను. అది బిస్కెట్లు నములుతూ నా మొహం వైపు చూసి ఆనందించింది, అంతే. వెళ్తానని లేచాను. గేటు దాకా వచ్చి, లోపలికి పరుగెత్తింది. మెట్ల మీద దాని అడుగులు వినిపించాయి.

లేఅవుట్‌లో ఇంకా బాగా వెలుతురుంది. హద్దురాళ్ళ మధ్య ఎర్రమట్టి బాట, రెండు పక్కలా నడుమెత్తు గడ్డి, అక్కడక్కడా పెదనాయిన పందిరి రాళ్ళు మనుషులంత ఎత్తున. నేను చిన్నప్పటి నుంచి తిరిగిన నేల ఇది. ఏ రాయి ఎక్కడుందో చూడకుండా చెప్పగలను. అయినా ఆ రోజు, ఇప్పుడే దాటిన రాళ్ళు ఎన్నో గుర్తు రాలేదు. డాబా మీద అది నిలబడి ఉంటుంది, తిరిగి చెయ్యి ఊపితే ఎంత సంబరపడుతుందో తెలుసు. కానీ తిరిగితే డాబా ఒక్కటే కనబడదు కదా, నా వెనకున్న బాట కూడా కనబడుతుంది.

మలుపు దగ్గర పడింది. నడక తగ్గించకుండా, తల తిప్పకుండా, చెయ్యి మాత్రం పైకెత్తి ఊపాను.

నవ్వు వినిపించింది. దాని నవ్వే. డాబా అంత దూరం నుంచి వినపడాల్సిన దానికన్నా కొంచెం దగ్గరగా.