అప్పలస్వామి కుడి చెయ్యి

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. మా నాన్న సుంగై పెటాని దగ్గర ఒక రబ్బరు తోట ఆఫీసులో గుమాస్తా. చీకట్లో ఏదైనా చప్పుడైతే లాంతరు చేతికిచ్చి, చూసి రమ్మని మమ్మల్నే పంపేవాడు. వెళ్లి చూస్తే పిల్లో ఎలుకో ఉండేది. నేను అలా పెరిగిన మనిషిని.

ఇది మెర్డెకాకు, అంటే మా దేశానికి స్వాతంత్ర్యం రావడానికి, ముందు ఏడాది సంగతి. అడవుల్లో తిరుగుబాటుదార్లు, తోటల చుట్టూ ముళ్లకంచెలు, రోడ్ల మీద సోదాలు. నాకేమో ఆక్యుపేషనల్ థెరపీ చదవాలని పట్టుదల. జబ్బు చేసో దెబ్బ తగిలో కాలూ చెయ్యీ స్వాధీనం తప్పినవాళ్లకు మళ్లీ అన్నం తినడం, బట్ట కట్టుకోవడం, పని చేసుకోవడం నేర్పే చదువు అది. ఇంగ్లండు వెళ్లాలి. అక్కడి స్కూలు వాళ్లు ముందు రోగుల మధ్య జీతానికి కొన్నాళ్లు పనిచేయమన్నారు. అప్లికేషన్ ఆ తర్వాతేనట.

ఆ పనే దొరకలేదు. టైపు కొట్టే పని ఇస్తామన్నారు, బడిలో పాఠాలు చెప్పమన్నారు. నర్సు ట్రెయినింగు లేనిదే వార్డులో అడుగు పెట్టనివ్వమని ఒక ఆస్పత్రిలో అన్నారు. చివరికి జార్జ్ టౌన్‌లో ఉండే మా పిన్ని కబురు పెట్టింది. అక్కడ ఒక ఆస్పత్రిలో చేతిపనుల గదికి మనిషి కావాలట. బుట్టలల్లే పేము నానబెట్టడం, గది ఊడవడం, రోగులను వార్డు నుంచి నడిపించుకు రావడం.

"సదువుకున్న పిల్ల ఆయా పని సేస్తాదా?" అంది అమ్మ.

"ఎల్లనీవే. రోగుల్ని ముట్టుకుంటే గదా, తనకి సేతనవునో కాదో తెలుస్తాది" అన్నాడు నాన్న.

ఆ గదికి పెద్ద ఒక ఇంగ్లీషావిడ. అందరూ మిస్సీ అనేవాళ్లం. నేను స్కూలుకు పనికొస్తానో లేదో చెప్పాల్సింది ఆవిడే. అందుకే ఆవిడ ముందు ఒళ్లు దగ్గర పెట్టుకుని మసిలేదాన్ని.

అక్కడికి అప్పలస్వామి వచ్చేవాడు. పాల కోసం రబ్బరు చెట్లు గీసే మనిషి, మా నాన్న వయసు. పనికి వెళ్తున్న లారీ మీద దారిలో కాల్పులు జరిగితే కుడి చేతికి తూటాలు తగిలాయి. మోచేతి కింద నుంచి తీసేశారు. ఆయన్ని నేను మొదటిసారి చూసేసరికే చొక్కా చెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. ఎడమ చేత్తో బుట్ట అల్లడం నేర్పుతున్నాం. కానీ లేని చెయ్యి నొప్పెడుతోందని అల్లిక మధ్యలో వదిలేసేవాడు. నిద్ర లేక కళ్లు గుంటలు పడిపోయాయి.

అలాంటి నొప్పి ఉంటుందని, అది నరాల వల్లేనని మిస్సీ ముందే చెప్పింది. కాబట్టి అది నాకు వింత కాదు.

ఒక మధ్యాహ్నం మిస్సీ వేరే వార్డుకు వెళ్లింది. బయట వాన. గదిలో మేమిద్దరమే.

"పిడికిలి ముడుసుకుపోనాది పాపా. బొటనేలు లోపలుండిపోనాది. గోళ్లు దిగిపోతన్నాయి" అన్నాడు. ముఖమంతా చెమట. "ఇంకా పైకి కోసేమని డాక్టరుకి సెప్పు."

"కోస్తే తగ్గదు బాబాయ్."

"అయితే నువ్విప్పు."

పసిపిల్లవాడిలా అడిగాడు. కాదనలేకపోయాను. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, ఆయన చూపించిన చోట గాలిలో చేతులు పెట్టాను. ఆయన మనసు కుదుటపడుతుందనే, అంతే.

ముందు ఏమీ లేదు. తర్వాత అరచేతులకు వెచ్చగా తగిలింది, జ్వరం మనిషిని పట్టుకున్నట్టు. తర్వాత వేళ్లు తగిలాయి.

నా చేతులకేసి చూశాను. వాటి మధ్య నా గౌను, కింద నేల కనిపిస్తున్నాయి. అయినా వేళ్లున్నాయి. తడిగా, కాయలు కాసి, బిగుసుకుని ఉన్నాయి. చేతులు వెనక్కి తీసుకోవాలనిపించింది. కానీ ఆయన "అదే, అదే. లాగు" అంటున్నాడు. ఒక్కొక్కటీ విప్పాను. చిటికెన వేలు మాత్రం పూర్తిగా రాలేదు, మధ్య కణుపు దగ్గర వంగే ఉంది. చివరికి బొటనవేలు బయటికొచ్చింది.

అప్పలస్వామి గట్టిగా ఊపిరి వదిలాడు. కుర్చీలోనే తల వాల్చి నిద్రపోయాడు. నా చేతుల్లో ఇక ఏమీ లేదు.

సబ్బుతో చేతులు కడిగాను. మళ్లీ కడిగాను. ఇంటికెళ్లి అన్నానికి కూర్చుంటే పిన్ని ముక్కు చిట్లించింది. "ఏటే, తోటకెల్లినావా? సేతులు రబ్బరు పాల కంపు కొడతన్నాయి."

తోట ముఖం చూసి ఎన్నో రోజులైంది. ఆ రాత్రి నేను చేత్తో తినలేదు.

ఆ వారం ఆయన భార్య నరసమ్మ చూడ్డానికి వచ్చింది. పక్కకు పిలిచి, ఆయన కుడి చేతికి అంతకుముందు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని అడిగాను. ఏ వేలో నేను చెప్పలేదు.

"పెళ్లికి ముందెప్పుడో సెట్లు గీసే కత్తికి తెగినాదంట" అంటూ తన చిటికెన వేలు మధ్యకి వంచి చూపించింది. "ఇలగే ఉండిపోనాది. నీకెవులు సెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు.

అప్పలస్వామికి ఆ నొప్పి మళ్లీ రాలేదు. అక్కడున్నన్నాళ్లూ బుట్టలు అల్లాడు. చొక్కా సర్దే నెపంతో ఒకసారి అదే చోట చెయ్యి పెట్టి చూశాను. గాలే.

మిస్సీకి చెప్పలేదు. మతి చెడిందనుకుంటుందని భయం. ఇంటర్వ్యూలో, ఆ పనిలో ఏం నేర్చుకున్నావని అడిగారు. పేము ఎంతసేపు నానబెట్టాలో చెప్పాను. సీటు వచ్చింది.

తర్వాత ఆ ఉద్యోగంలోనే తల నెరిసింది. చేతులు పోయినవాళ్లను చాలామందిని చూశాను. ఎవరూ చూడకుండా ఆ ఖాళీలో వేళ్లు పెట్టి చూసిన సందర్భాలూ ఉన్నాయి. ఎప్పుడూ ఏమీ తగల్లేదు.

లేని చెయ్యి ఉందని మెదడు అనుకుంటుందట. ముడుచుకున్న ఆ పిడికిలి ఎవరో విప్పారని నమ్మితే నొప్పి తగ్గుతుందట. నేనే నా విద్యార్థులకు అలా చెప్పాను. అప్పలస్వామి సంగతి దానితో సరిపోతుంది. నా వేళ్లకు తగిలిందేమిటో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.