అవిన్యోన్‌లో పోయిన బూట్లు

ఫ్రాన్సు చూసి వచ్చానంటే ఇప్పటికీ సంగారెడ్డిలో జనం కళ్ళింత చేసుకుని "ఎట్లుంటది?" అని అడుగుతారు. కంపు కొడుతుంది అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మా ఊరు ఇస్మాయిల్‌ఖాన్‌పేటకు కాస్త అవతల. ఊరి దొర కోటలాంటి గడిలో ఆయనకు ఉత్తరాలు రాసేవాణ్ణి, వేళకు జొన్నరొట్టె కాల్చి పెట్టేవాణ్ణి. నైజాం పోయింది, జాగీర్లు పోయాయి, దొర కడుపునొప్పి మాత్రం పోలేదు. ఫ్రాన్సు సీమలో ఏవో ఊటనీళ్ళు తాగితే నయమవుతుందని ఎవరో చెప్పారు. మరి అక్కడ రొట్టె కాల్చేదెవరు? అందుకని పిండి బస్తా, కిరసనాయిలు స్టవ్వుతో సహా నన్ను తోలుకుపోయాడు.

ఓడలో ఉత్తకాళ్ళతో తిరగనివ్వరని బొంబాయిలో నాకు నల్లబూట్లు కొనిపెట్టాడు. మా ఊళ్ళో గడి ముందు నుంచి పోయేవాడు చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి. మా నాయన బతికినన్నాళ్ళూ అలాగే పోయాడు. ఆయన చెప్పులు కాళ్ళకంటే చంకలోనే ఎక్కువ అరిగాయి. అలాంటిది నేను దొర చూస్తుండగా, దొర పక్కనే, ఓడ మీద బూట్లు టకటకలాడిస్తూ నడిచాను. మూడో రోజుకే నిశ్చయించుకున్నాను, ఈ బూట్లతోనే గడి ముందు నుంచి నడిచి ఇంటికి పోవాలని. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత ధైర్యమే ఉంటే బూట్లతో పనేముంది?

మార్సేల్‌లో ఓడ దిగి రైలెక్కాం. దారిలో అవిన్యోన్ అనే పాత పట్నం ఉందనీ, అది చూడకుండా పోతే పాపమనీ ఓడలో ఎవరో దొర చెవిన వేశారు. ఒకప్పుడు క్రైస్తవుల పెద్ద గురువులు, పోపులు, రోము వదిలి అక్కడే కొలువున్నారట. సరే, దిగాం.

పేరు గొప్ప, ఊరు దిబ్బ. హోటల్లో మెట్ల మలుపు దగ్గర అందరికీ కలిపి ఒకటే మరుగుదొడ్డి. అందులో నీళ్ళు లేవు, మేకుకు గుచ్చిన పాత పేపరు ముక్కలున్నాయి. అవెందుకో అర్థమయ్యాక ఆ పూట నాకు ముద్ద దిగలేదు. వీధిలో మగవాళ్ళు రేకు చాటున నిలబడి ఒంటికి పోస్తుంటే కింద కాళ్ళూ పైన తలలూ కనిపిస్తాయి. ఆ తలలు దారిన పోయే ఆడవాళ్ళను కులాసాగా పలకరిస్తాయి కూడా! బాటల నిండా కుక్కలు చేసిన నిర్వాకం. రాత్రి భోజనంలో హోటలామె పచ్చగా బూజు పట్టిన జున్నుముక్క తెచ్చి దొర ముందు పెట్టి, ఎంత పాతబడితే అంత రుచి అని సైగ చేసింది. మా ఇంట్లో అయితే దాన్ని పెంటకుప్పకు మోయడానికి కూడా ముక్కు మూసుకునేవాళ్ళం. దొర దాన్ని తిన్నాడు. బాగుందన్నాడు. తర్వాత గదిలోకి వచ్చి, కడుపు పట్టుకుని, రొట్టె కాల్చమన్నాడు.

మరునాడు పొద్దున చర్చి చూడబోయాం. అది గుట్ట మీద ఉంది. దాని శిఖరం మీద బంగారుపూతతో మేరీమాత. ఎండ కాస్తోంది గానీ గాలి చెవులు కోస్తోంది. గుమ్మం దగ్గర నేను బూట్లు విప్పి, మేజోళ్ళు వాటిలో కుక్కి, గోడవారన జతగా పెట్టి లోపలికి పోయాను. ఎందుకు విప్పావంటే ఏం చెప్పను? దేవుడి ఇల్లు కదా. భవాని గుడికి పోయినా, దర్గాకు పోయినా కాళ్ళవి బయటే. దొర బయట నిలబడి చుట్ట ముగించుకుని నా వెనకాల వచ్చాడు, జోళ్ళతోనే.

లోపల చూద్దును కదా, అందరూ జోళ్ళతోనే ఉన్నారు. ఇందాక వీధిలో కుక్కల నిర్వాకం తొక్కిన జోళ్ళే అవి. ఆ దేశంలో జోళ్ళు ఉంచుకుని టోపీలు తీస్తారట. ముసలి కాపలాదారు ఒకడు దొర రూమీటోపీ వైపు వేలు చూపించాడు. కలెక్టరు ముందు కూడా తీయని టోపీని దొర చటుక్కున తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆయన బట్టతల నేను చూడడం అదే మొదలు. నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

బయటికొస్తే బూట్లు లేవు.

గోడ పొడుగునా వెతికాను, మెట్లన్నీ దిగి ఎక్కాను. దొర గడియారం చూసుకున్నాడు.

"పోతే పోయినయ్ తీ. నీకేమన్న కొత్తనారా ఉత్తకాళ్ళు? నడువ్."

నడిచాను. పక్కనే పోపుల కోట. కోట ఏమిటి, మా గడినే పదింతలు చేసి కట్టారు! ఖాళీ గదులు, కాళ్ళు కొరికే బండలు. వంటశాలకు పైకప్పంతా పొగగొట్టమే. ఎద్దులకెద్దులే కాల్చేవారని అక్కడివాడు చేతులతో చూపించాడు. దొర "ఏం దర్జారా!" అని మురిసిపోయాడు. వంటవాణ్ణి కాబట్టి నాకు ఆ పొగలో దగ్గుతూ చచ్చిన వంటవాళ్ళే గుర్తొచ్చారు. ఆపైన వంతెన. అది నదిలోకి నాలుగు కమానులు పోయి ఆగిపోయింది, అవతలి ఒడ్డు చేరదు. దాన్ని చూడడానికి టికెట్టు! మంజీర మీద ఇలాంటిది కడితే కంట్రాక్టరును బేడీలు వేసి తీసుకుపోయేవాళ్ళు.

తిరిగొస్తుంటే చేపల అంగడి దగ్గర నేల మీద పారుతున్న నీళ్ళు దాటబోయి కుక్క నిర్వాకంలో కాలు పెట్టాను. అరికాలి కింద మెత్తగా, వెచ్చగా. కడుక్కుందామంటే ఆ మహాపట్నంలో నాకు చెంబెడు నీళ్ళు పుట్టలేదు. ఆడవాళ్ళు ఇద్దరు నా కాళ్ళు చూసి మోచేతులతో పొడుచుకుని నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మూడో రోజు రైలు పది గంటలకు. తెల్లారగానే ఒక్కణ్ణే గుట్టెక్కాను. చర్చి మెట్లు ఊడుస్తున్న ముసలామె నా పాదాలు చూసింది. చీపురు గోడకు ఆనించి లోపలికి పోయి, కాగితంలో చుట్టిన బూట్లు తెచ్చింది. వాటిని అప్పటికే తుడిచి, నల్లరంగు రుద్ది మెరిపించి ఉంచింది. ఎవరైనా లేనివాడికి ఇద్దామనుకుందేమో. తర్వాత తల మీద చేతులతో గుండ్రంగా టోపీ గీసి చూపించి, బూట్ల వైపు వేలు పెట్టి, ఎవరివని అడిగినట్టు భుజాలెగరేసింది. ఆ వెంటనే తనే ఆ టోపీమనిషిలా నిలబడి, నోట్లో చుట్ట ఉన్నట్టు వేళ్ళు పెట్టి, తీసుకుపొమ్మని చెయ్యి విసిరింది.

అర్థమైంది. నేను లోపలికి పోగానే ఆమె దొరను అడిగింది. దొర ఇచ్చేశాడు. నేను మెట్ల మీద పిచ్చివాడిలా వెతుకుతుంటే గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

బూట్లు తొడుక్కుని హోటలుకు వచ్చి, గదిలోకి వాటితోనే పోయాను.

"బూట్లు దొరికినయ్ దొరా."

దొర నా కాళ్ళకేసి చూశాడు. "ముసల్ది మళ్ళ ఇచ్చిందా?" అన్నాడు. దాచాలని కూడా అనుకోలేదు. "ఊర్లకు పోయినంక ఎట్లనన్న ఇప్పేటియే గదరా. జెర ముందుగాల్నే అలవాటైతదనుకున్న. రొట్టెలు జల్దీ కాల్చు, రైలుకు యాళ్ళయితున్నది."

ఊరంతా తొక్కిన అసహ్యం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. రొట్టెలు మొహాన కొట్టాలనిపించింది. కాల్చి పెట్టాను. రెండో రొట్టె మాడిందంటే ఇంకోటి కాల్చాను. ఆ రొట్టెలు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.

ఊటనీళ్ళు అయ్యాయి, వైద్యులు అయ్యారు, ఆరు నెలలకు తిరిగొచ్చాం. దొర పట్నంలో చుట్టాలింట్లో దిగి, సామాన్లతో నన్ను ముందు పంపాడు. సంగారెడ్డిలో బస్సు దిగి, పెట్టెలు ఎడ్లబండిలో వేసి, ఊరు రాగానే బండిని ముందుకు పోనిచ్చాను. బూట్ల దుమ్ము దులుపుకున్నాను. గడి తలుపులు మూసి ఉన్నాయి. అరుగు మీద పిట్ట లేదు. నడివీధిలో, మెడ నిటారుగా పెట్టి, గడి గోడ పొడుగునా నడవడం మొదలుపెట్టాను.

బండిని చూసినట్టుంది, అమ్మ ఎదురు పరుగెత్తుకొచ్చింది. ఆరు నెలల తర్వాత వచ్చిన కొడుకు మొహం చూడలేదు, కాళ్ళు చూసింది.

"ఇప్పు కొడుకా, ఇప్పు!"

"దొర పట్నంల ఉన్నడే అమ్మా. గడిల ఎవ్వరు లేరు."

"గడి ఉన్నది గదరా!"

అంటూనే నా కాళ్ళ దగ్గర కూలబడి బూటు ముడి పీకసాగింది. ఆమె ఎన్నడూ బూట్లు చూసింది కాదు, ఏ కొస లాగాలో తెలియడం లేదు, లాగినకొద్దీ ముడి బిగుసుకుపోతోంది.

నేనే వంగి విప్పాను.