చారాణా మీద అరిగిపోయిన అంకె

మా నాయనమ్మ తన తల్లిని తానే చంపానని నమ్ముతూ ఎనభై ఏళ్ళు బతికింది. దేవరుప్పుల దగ్గర మా ఊరే ఆమెకు పుట్టిల్లూ అత్తిల్లూ. ఆమె చిన్నప్పుడు ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా "పుట్టంగనే తల్లిని మింగినవ్" అనేవాళ్ళట. సవతి తల్లి అనేది, మేనత్తలు అనేవాళ్ళు, కన్నతండ్రి వింటూ ఊరుకునేవాడు. నాకు ఊహ తెలిసేసరికి ఆ అన్నవాళ్ళెవరూ మిగల్లేదు. అయినా ఎవరింట్లో పురుడు జరిగినా నాయనమ్మ ఆ గడప తొక్కేది కాదు. నేను పుట్టినప్పుడు కూడా ఇరవై ఒక్క రోజులు నిండేదాకా నన్ను ఎత్తుకోలేదని మా అమ్మ చెప్పేది.

ఆమె మెడలో నల్లదారానికి ఒక వెండి బిళ్ళ ఉండేది. నిజాం కాలపు చారాణా, అంటే పావలా. పెళ్ళినాడు ఆమె పెద్దమ్మ, అంటే తల్లికి సొంత అక్క, గూడూరు వైపు నుంచి వచ్చి దాన్ని చేతిలో పెట్టి వెళ్ళిందట. "మీ అవ్వ పానం పోయినంక ఆమె మెడలకెళ్ళి నా చేతులతోటి తీసిన" అన్నదట. అవ్వ అంటే మా వైపు తల్లి. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఏళ్ళ తరబడి ఒంటికి ఒరుసుకుని చార్మినారు బొమ్మ మసక మచ్చలా మిగిలింది.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న ఏడాది మా వెనకింటి ముసలమ్మ చనిపోయింది. నాయనమ్మా, ఆమే ఒకే వారంలో పుట్టినవాళ్ళు. ముస్లింల ఇల్లు. ఆమె తండ్రి, బిడ్డ పుట్టిన సంవత్సరం ఒక కాగితం మీద ఉర్దూలో రాసి దాచాడు. హిజ్రీ పదమూడు వందల యాభై, అంటే ఇంగ్లీషు లెక్కలో పంతొమ్మిది వందల ముప్పై ఒకటి ప్రాంతం. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకి వెళ్ళినప్పుడు ఆ కాగితం చదివి వినిపించారు. మర్నాడు పొద్దున నాయనమ్మ మెడలోని బిళ్ళ తీసి నా చేతిలో పెట్టింది.

"బిడ్డా, దీని మీద గూడ సాలు, ఏ ఏడుదో, ఉంటదట గదా. ఎవలతోనన్న చదివిపియ్యి."

"ఎందుకు నాయినమ్మా?"

"మా అవ్వ మొకం నాకు తెల్వదు. ఆమె ఉన్న కాలమన్న తెల్వనియ్యి."

నేను అప్పుడు మహబూబాబాద్‌లో టీచరుని. సమ్మెతో బడులు మూసి ఉన్నాయి. రోజూ రోడ్డు పక్కన టెంటులో కూర్చునేవాళ్ళం. మాతోపాటు గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన కూడా దుకాణం మూసి వచ్చి కూర్చునేవాడు. చిన్నప్పుడు చదువంతా ఉర్దూలోనే సాగిందని ఒకసారి మాటల్లో చెప్పాడు. ఆయనకు బిళ్ళ చూపించాను. ఇంటికి తీసుకుపోయి చింతపండుతో తోమి తెస్తానన్నాను.

"తోమొద్దమ్మా. ఉన్నది గూడ పోతది" అంటూ టెంటు అంచుకు జరిగాడు. జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకుని, బిళ్ళను ఎండకు ఏటవాలుగా పట్టాడు. "ఒకటి. మూడు. అయిదు." తర్వాత ఆగిపోయాడు.

"సున్నా కదా?" అన్నాను. ఉర్దూలో సున్నా అంటే చుక్కే. అక్కడ నాకూ చుక్కలాంటిదే కనిపిస్తోంది.

ఆయన నా నోటు పుస్తకంలోంచి కాగితం చింపి, బిళ్ళ మీద పరిచి, పెన్సిలు అడ్డంగా పట్టుకుని మెల్లగా రుద్దాడు. కాగితం మీద ఆ చుక్కకు కింద సన్నటి తోక తేలింది.

"గిది నాలుగు లెక్కుంది."

"కాదు చాచా, సున్నానే అయ్యుండాలి. మా నాయనమ్మ పుట్టింది హిజ్రీ పదమూడు వందల యాభైలో. వాళ్ళమ్మ పోయింది కూడా అప్పుడే. ఇది ఆ తల్లి మెడలోనిది."

ఆయన ఒకసారి నా మొహం చూసి బిళ్ళ తిప్పాడు. "జర ఆగు. ఈ దిక్కు నిజాం గద్దెనెక్కి ఎన్నో ఏడాదో రాసి ఉంటది." మళ్ళీ కాగితం, మళ్ళీ పెన్సిలు. చాలాసేపు చూశాడు. "ఇరవై అయిదు. యాభైల కొట్టిన బిళ్ళయితే ఇరవై ఒకటి ఉండాలె. రెండు దిక్కుల లెక్క కలుస్తుంది. యాభై నాలుగే, టీచరమ్మా."

వెనక ఎవరో మైకులో పాట అందుకున్నారు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నాయనమ్మ పుట్టిన నాలుగేళ్ళకు తయారైన బిళ్ళ, ఆమె పుట్టగానే చచ్చిపోయిందన్న మనిషి మెడలో ఉంది.

"ఏమైందమ్మా, పరేషానైనవ్?" అని ఆయన అడుగుతుంటే ఆ కాగితాలు మడిచి బిళ్ళతోపాటు సంచిలో పెట్టుకున్నాను.

బస్సులు లేవు. ఫోన్ ఉంది, కానీ చెయ్యలేదు. ఎనభై ఏళ్ళ మనిషికి ఇది చెప్పడం మంచిదా కాదా అని పన్నెండు రోజులు నాలో నేనే కొట్టుకున్నాను. చివరికి ఎవరిదో జీపులో జనగామ దాకా, అక్కణ్ణించి ఆటోలో ఊరికి వెళ్ళాను. నాయనమ్మ అరుగు మీద అనుపకాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అంటే నేను పుట్టినప్పుడు మా అవ్వ సావలేదా?"

"లేదు నాయినమ్మా."

"నాలుగేండ్లు బతికిందా?"

"ఇంకా ఎక్కువే బతికి ఉంటది."

ఆమె మొహంలో ఏదో వెలిగింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"మరి నా కాడ ఎందుకు లేదు?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే మిగిలి ఉంది. ఆ చారాణా తెచ్చిచ్చిన పెద్దమ్మ కూతురు. నాయనమ్మకంటే అయిదారేళ్ళు పెద్దది. కొడుకు బొగ్గుబావిలో పనిచేస్తాడు కాబట్టి భూపాలపల్లిలో ఉండేది. బస్సులు తిరగగానే ఇద్దరం వెళ్ళాం. ఆమె మంచంలోనే ఉంది, చూపు లేదు. నాయనమ్మ చారాణా తీసి ఆమె అరచేతిలో పెట్టింది. ముసలామె వేళ్ళతో తడిమి గుర్తుపట్టి ఏడుపు మొదలుపెట్టింది.

"ఆడిపిల్లను కన్నదని మీ నాయినోళ్ళు ఎల్లగొట్టిన్రు చెల్లె. అప్పుడు నీకు మూడు నెలలు. నిన్ను మాత్రం ఇయ్యలె. మా పిన్ని మా ఇంట్లనే ఉండె."

"నా కోసం రాలేదా అక్కా?"

"రెండు మాట్ల నడుసుకుంట వచ్చింది. ఇంట్లకు రానియ్యలె. రెండోమాటు నీళ్ళకచ్చిన ఆడోళ్ళ నడుమ నిలబడి నిన్ను చూసి, నీ చేతుల బెల్లపు ముద్ద పెట్టి వచ్చిందట. ఈ బిళ్ళ మా బాపు ఇచ్చిండు. నీ మొలతాడుకు కడతనని దాసింది. కట్టనియ్యలె. గందుకే తనే మెడల ఏసుకుంది. జెరమచ్చి పోయింది. నాకప్పటికి పదకొండు పన్నెండేండ్లు ఉంటయ్."

"మరి పెద్దమ్మ నాకెందుకు చెప్పలె?"

"చెప్తే నిన్ను కండ్ల చూడనియ్యమని మీ నాయినోళ్ళు ఒట్టేయించుకున్నరు. ఊళ్ళె గూడ ఎవలను నోరిప్పనియ్యలె. ఒట్టు తప్పితే నీకు కీడయితదని మా అవ్వ సచ్చేదాక నోరిప్పలె. నేను గూడ ఇప్పలె."

నాయనమ్మ నా వైపు తిరిగి చిన్నపిల్లలా అంది: "బెల్లపు ముద్ద పెట్టిందట బిడ్డా. నాకు యాదికస్తలేదు. ఎంత గుంజుకున్నా యాదికస్తలేదు."

ఆమె ఏడవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో గూడూరు దగ్గర దిగుదామంది. అడవి అంచున ఉన్న పెద్దమ్మ ఊరికి ఆటోలో వెళ్ళాం. పెద్దమ్మా, నాయనమ్మ తల్లీ ఉన్న ఇల్లు లేదు. చనిపోయినవాళ్ళను పాతిపెట్టే బొందలగడ్డ ఎక్కడని అడిగితే ఒక రైతు పత్తి చేను చూపించాడు. ఆయన తండ్రి కాలంలోనే దాన్ని దున్నేశారట. ఎవరిని ఎక్కడ పెట్టారో చెప్పేవాళ్ళు లేరు. నాయనమ్మ ఒడ్డు మీద కూర్చుంది. రైతు మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. ఎండ ఎక్కువైంది. పోదామా అని రెండుసార్లు అడిగాను.

"ఆగు బిడ్డా" అంది. "నేనొచ్చిన సంగతి ఆమెకు తెల్వనియ్యి."

తర్వాత మూడు నెలలే ఉంది. రాష్ట్రం వచ్చేదాకా ఉండలేదు. ఆ మూడు నెలల్లో మా వాడలో ఒక పిల్ల పుడితే తనే ముందు వెళ్ళి ఎత్తుకుంది. పసిగుడ్డును తల్లి పక్కలో పడుకోబెట్టి, ఆ బిడ్డ చెయ్యి తీసి తల్లి మీద వేసి, అలాగే చూస్తూ నిలబడిపోయిందని మా అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంటికి రమ్మని పిలిచినా చాలాసేపటిదాకా రాలేదట.