గుట్ట మీద కొట్టని కొబ్బరికాయ

బుద్ధుడి దగ్గరికి కొబ్బరికాయ పట్టుకుపోయిన పెద్దమనిషిని నేనే. మేడిపల్లిలో మా ఇంట్లో ఏ గుడికి బయలుదేరినా ముందు సంచిలో పడేది కొబ్బరికాయ. దేవుడెవరో తరువాత అడుగుతాం.

నిజానికి నేను వెళ్లింది దేవుడి కోసం కాదు, నా కూతురి కోసం. సిరిసిల్లలో బ్యాంకులో పనిచేసే నా బిడ్డ నాతో మాట్లాడక నాలుగు నెలలైంది. వేసవిలో తనతోపాటు పనిచేసే అమ్మాయిని మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చింది. ఆ అమ్మాయిది వీర్నపల్లి దిక్కు. వాళ్లమ్మ ఇప్పటికీ నాట్లకు, కలుపుకు కూలికి పోతుంది. ఆ పిల్ల వచ్చీ రాగానే అరుగు మీదున్న మా నాయన పడక కుర్చీలో కూర్చుంది. "లే! అది ఎవరి కుర్చీ అనుకున్నవ్?" అని నేనొక కేక పెట్టాను. మా నాయన కాలంలో ఆ కేకకు చెలకల్లో పనిచేసే జీతగాళ్లు పరుగెత్తుకొచ్చేవాళ్లు. ఈసారి వాడకట్టంతా తలుపులు తీసి చూసింది. ఆ అమ్మాయి లేచి చెప్పులేసుకుంది, వెనకే నా బిడ్డ.

నాయన గుర్తు కాబట్టి కోపమొచ్చిందని అందరికీ చెప్పుకున్నాను. అదే కుర్చీలో నా మేనల్లుడు బోర్లా పడుకొని ఫోన్ చూస్తుంటే దిండు తెచ్చి ఇచ్చింది నేనే. ఈ సంగతి గుర్తు చేసింది నా భార్య. ఆవిడ జ్ఞాపకశక్తి మా ఇంటికి పట్టిన శని.

చివరికి బిడ్డ షరతు నా భార్య ఫోనుకు వచ్చింది. "ఆదివారం వీర్నపల్లి కాడి బుద్ధుని గుట్టకు రమ్మను. నా దోస్తు, వాళ్ల తల్లి ఆడనే ఉంటరు. తప్పయిందని చెప్పాలె. చెప్తేనే నేను ఇంటికి వస్త."

ఊళ్లో మాత్రం బీపీకి ధ్యానం మంచిదని డాక్టర్ అన్నాడని చెప్పాను. కోరుట్ల నుంచి వచ్చే బస్సెక్కి సిరిసిల్లలో దిగితే బిడ్డ స్కూటీ మీద కూర్చొని ఉంది. "నేను నడుపుత" అన్నాను. వెనక సీటు మీద చేత్తో తట్టింది. అరవై ఏళ్లలో మొదటిసారి ఆడపిల్ల నడిపే బండి వెనక కూర్చున్నాను, ఒళ్లో కొబ్బరికాయ సంచితో. దారిలో ఒక ట్రాక్టరువాడు పక్కకు జరగకపోతే తిట్టబోయాను. అద్దంలో బిడ్డ కళ్లు కనిపించాయి. తిట్టు మింగేశాను.

గుట్ట ఎక్కే మట్టిదారిలో సగానికి వచ్చేసరికి స్కూటీ మూలగడం మొదలుపెట్టింది.

"దిగు బాపూ. బండి ఇద్దర్ని గుంజుతలేదు."

నాలుగు నెలల తరువాత నా బిడ్డ నాతో అన్న మొదటి మాట అది. మా తాతల కాలంలో మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లాలి. దిగి నడవడమంటే ఏమిటో మా వంశంలో ముందు తెలిసింది నాకే. కంకర మీద జారుకుంటూ బండి వెనకాల ఎక్కాను.

పైన గుడి అంటే నాలుగు స్తంభాలు, రేకుల కప్పు, లోపల తెల్లని బుద్ధుడు. కూలికి పోయేవాళ్లే చందాలేసుకొని, సిమెంటు బస్తాలు నెత్తిన మోసి కట్టుకున్నారు. ఇరవై మంది దాకా చాపల మీద కళ్లు మూసుకొని ఉన్నారు. కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలో తెలియలేదు. పూజారి కోసం వెతికాను. పూజారి ఉంటే గోత్రం చెప్పుకొని గట్టెక్కేవాణ్ని, తప్పు చెప్పుకునే పని తప్పేది. పూజారి లేడు.

చీపురు పక్కన పెట్టి ఒకామె వచ్చింది. ఆ అమ్మాయి తల్లి అని చూడగానే తెలిసింది, అవే కళ్లు. నన్ను చూసి లోపలికి పోయి, గుట్ట మీదున్న ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది.

"కూసో దొరా. గుట్టెక్కి అలిసిపోయినవ్."

వెక్కిరింపేమోనని మొహం చూశాను. కాదు. నాకు సిగ్గేసింది. ఆమె వెనక ఆ అమ్మాయి, నా పక్కన నా బిడ్డ, ఇద్దరూ ఆ కుర్చీనే చూస్తున్నారు. కుర్చీ పక్కకు జరిపి కింద చాప మీద కూలబడ్డాను.

"ఆనాడు గట్ల అనకుంట ఉండాల్సింది. తప్పయింది బిడ్డా" అన్నాను. గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు.

"ఏమంటున్నవ్ దొరా? ఇనవడ్తలేదు" అంది తల్లి.

ధ్యానం చేసుకునేవాళ్లకు ఇబ్బంది అని చేత్తో సైగ చేశాను. అప్పుడు ఆ అమ్మాయి నెమ్మదిగా అంది: "ఆనాడు వాడకట్టంత ఇనవడ్డది గద సార్. ఇయ్యాల మా అవ్వకైనా ఇనవడాలె."

మళ్లీ కోపమొచ్చింది. నిజమే చెప్తున్నాను, వచ్చింది. బిడ్డ వైపు చూశాను. ఆమె బండి తాళంచెవిని వేలికి తిప్పుతూ దారి వైపు చూస్తోంది.

అప్పుడు పెట్టాను కేక, మా నాయన దగ్గర నేర్చుకున్న అదే కేక. "తప్పయింది! నాదే తప్పు!"

చాపల మీద ఇరవై మందీ కళ్లు తెరిచారు. వాళ్లలో ఇద్దరు ముసలివాళ్లు ఉలిక్కిపడి లేచి, చేతులు కట్టుకొని నిలబడ్డారు. మా ఊరివాళ్లు కాదు. నేనెవరో కూడా వాళ్లకు తెలియదు. ఆ గొంతు మాత్రం తెలుసు.

"కూసోండ్రి, మీరు కూసోండ్రి" అంటూ నేనే లేచి నిలబడ్డాను. వాళ్లు కూర్చునేదాకా కూర్చోబుద్ధి కాలేదు.

కొబ్బరికాయను ఆ తల్లి పచ్చడికి తీసుకుంది. ఆ అమ్మాయి నాకు మంచినీళ్లిచ్చింది, క్షమించానని మాత్రం అనలేదు.

"ఎక్కు బాపూ. దిగుడే గద, ఇద్దర్ని గుంజుతది" అంది నా బిడ్డ. "ఇంట్ల అవ్వకు ఫోన్ జేసి నాకు గూడ బియ్యం పెట్టుమను."

"మరి ఆ పిల్ల? ఎప్పుడొస్తది?"

"అది ఆమె ఇష్టం. కుర్చీ అయితే అరుగు మీదనే ఉండనీ."