చెన్నూరు పందిరి మీద బోస్నియా ద్రాక్ష

ఈ ప్రయాణం గురించి రాయక తప్పని పరిస్థితి వచ్చింది. కరీంనగర్‌లో నా దర్జీ దుకాణానికి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో, "సదయ్య రెండు దినాలు దుకాణం బంద్ వెట్టి చెన్నూరుకు తాగవోయిండట" అన్న మాట పుట్టింది. పుట్టిన మాట మా ఇంటిదాకా నడిచి వచ్చింది. అది అబద్ధం. నేను పోయింది ద్రాక్ష కోసం. తాగింది చాయ్, మంచినీళ్లు. ఒక సీసా వాసన మాత్రం చూశాను, దాని సంగతి తర్వాత చెబుతాను. రెండో కారణం ఏమిటంటే, బాల్కన్ దేశాల నల్లద్రాక్షల గురించి తెలుగులో ఒక్క ముక్క కూడా మా గ్రంథాలయంలో లేదు. ఉంటే నాకు తెలిసేది. అక్కడ నేను తెరవని బీరువా ఒక్కటే, దాని తాళంచెవి పోయింది.

నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది. తర్వాతి చదువంతా జిల్లా గ్రంథాలయంలో, దుకాణం కట్టేశాక రోజుకు గంటన్నర. రెండేళ్ల కిందట అక్కడ ద్రాక్షల గురించి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఫ్రాన్సు, ఇటలీ పేజీలు నలిగిపోయి ఉన్నాయి. బాల్కన్ పేజీలు మాత్రం ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. ఎవరూ చదవనిది చదివితే ఎవరూ తప్పు పట్టలేరన్నది నా విద్యాసూత్రం. అందుకని ఆ పేజీలనే పట్టుకున్నాను.

అట్లా పరిచయమయ్యాయి ఆ పేర్లు. మాంటెనెగ్రోలో వ్రానాట్స్, అంటే నల్లగుర్రం. రంగు కూడా అట్లాగే ఉంటుందట. బల్గేరియాలో మావ్రుద్, ఆలస్యంగా పండే మొండిఘటం. సెర్బియాలో ప్రొకుపాట్స్, నిన్నమొన్నటిదాకా ఇంట్లో తాగేందుకే తప్ప చుట్టాలకు పోయడానికి పనికిరాదనుకున్నది, ఇప్పుడు తలెత్తుకు తిరుగుతున్నది. అల్బేనియాలో కల్మెట్. బోస్నియా దక్షిణాన హెర్జెగోవినాలో బ్లాటినా. ఈ బ్లాటినాకు అక్కడి రైతులు పెట్టిన మారుపేరు 'ఖాళీ పీపా'. పూతప్పుడు వాన పడితే ఆ ఏడు పీపాలో చుక్క ఉండదట.

ఈ పేర్లన్నీ నేర్చుకుని రెండేళ్లు మోశాను. దించుకునే చోటు దొరకలేదు. పోయిన నవంబరులో ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన ఒకాయన మాటల్లో అన్నాడు: "మా బావ మల్లేశం బోస్నియాల ద్రాక్షతోట పని జేసిండు. కొమ్మలు దెచ్చి చెన్నూర్ల వెట్టిండు. మూడేండ్ల సంది పూస్తున్నయి గని ఒక్క గింజ గాయలే. గీసారి గూడ కాయకుంటె పీకేసి మళ్ల గాడికే పోతనంటుండు. ఏజెంటుతోని మాట్లాడిండు, మెడికల్ గూడ అయింది. మా అక్క పరేషాన్ల ఉన్నది."

"ఏం రకం?" అని అడిగాను.

"గదే, బ్లాటినానో ఏందో."

ఆయన ప్యాంటు ఒక కాలు రెండంగుళాలు ఎక్కువ పొట్టి అయింది. డబ్బులు తీసుకోలేదు.

శనివారం ఉదయం ఆరింటికి కరీంనగర్ బస్టాండులో పెద్దపల్లి బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్టు లేదు కనుక బస్సులో డబ్బులు తీసినవాళ్లం నేను, ఇంకో ఇద్దరు మగవాళ్లు. సీటు కూడా దొరకలేదు. ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని కూర్చున్న ఒక పెద్దమ్మ నా మీద జాలిపడి నా సంచీ ఒళ్లో పెట్టుకుంది.

"ఏడికి బిడ్డా?"

"చెన్నూరుకు అవ్వా. ద్రాక్ష చూడటానికి."

"కరీంనగర్ల బండ్ల మీద లేవా?"

"ఇవి వేరే దేశపు ద్రాక్షలు."

"నీకు పెండ్లయిందా?" అని అడిగింది. అయిందన్నాను. "మరి ఆమె ఏమంటలేదా?" అని సంచీ తిరిగి నా చేతికిచ్చింది.

ఏడుంపావుకు పెద్దపల్లి. స్టేషన్‌లో మంచిర్యాలకు టికెట్టు తీసుకుని ప్యాసింజర్ ఎక్కాను. కిటికీ పక్కన ఒక గౌడ్‌సాబ్, ఏదో పెండ్లికి పోతున్నాడు. కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి అని అరచేతులే చెబుతున్నాయి. వైన్ అంటే ఏమిటో, ఓక్ చెక్క పీపాల్లో ఎన్నేళ్లు ఉంచుతారో రామగుండం దాకా వివరించాను. ఆయన ఓపికగా విన్నాడు.

"నువ్వు తాగినవా సార్?"

"లేదు. చదివాను."

"మా తాడు రాత్రి కుండ గడ్తె పొద్దుగాల్ల ఇస్తది. గాళ్లు పీపాల వోసి ఏండ్లు చూసుడేంది? అంత ఓపికున్నోనికి తాగుడెందుకు?" అన్నాడు. పుస్తకంలో దీనికి జవాబు లేదు.

మంచిర్యాలలో ఎనిమిదిన్నరకు నాలుగు ఇడ్లీలు. చట్నీ మంచిది, సాంబారు అడగవద్దు. తొమ్మిదింటికి చెన్నూరు బస్సు. శ్రీరాంపూర్ దగ్గర బొగ్గు లారీల వెనక ఇరవై నిమిషాలు ఆగాము. కిటికీ పక్క సీటు ఎవరైనా మర్యాదగా ఇస్తే వద్దనండి. నేను తీసుకున్నాను. దిగేసరికి వ్రానాట్స్ రంగులో ఉన్నాను.

పదిన్నరకు మల్లేశం ఇల్లు. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. ఇంటి వెనక ఇనుప తీగల పందిరి, దాని మీద మూడు తీగలు. చేతిలా చీలిన ఆకులు. ఆకుల కింద సజ్జ గింజలంత మొగ్గలు, పూలు. రెండేళ్లు కాగితం మీద చూసిన ఆకును చేత్తో పట్టుకున్నాను. ఉపన్యాసం మొదలుపెట్టడం కూడా మరిచిపోయాను. నన్నెరిగినవాళ్లు ఇది నమ్మరు.

మల్లేశం చెప్పిన కథ ఇది. మోస్టర్ పట్నం దగ్గర తోటలో నాలుగేళ్లు కొమ్మలు కత్తిరించాడు. మధ్యలో సెలవు మీద వస్తుంటే తోట ముసలాయన రెండు కట్టలు చేతిలో పెట్టి, వాళ్ల భాషలో ఏదో పొడుగ్గా చెప్పాడు. ఇతను తలూపాడు. తడిగుడ్డలో చుట్టి సామానులో తెచ్చి నాటి, మళ్లీ పోయాడు. అట్లా తేవడం చట్టవిరుద్ధమని నేను అక్కడికక్కడే చెప్పాను, పాఠకులకూ చెబుతున్నాను. మూడేళ్ల కిందట పని వదిలేసి ఇంటికొచ్చాడు. అప్పటి నుంచి ఎరువులు, మందులు, వేపపిండి, చివరికి చేపల నీళ్లు కూడా పోశాడు. పూత రావడం, రాలడం.

"వైన్ సీసా ఏమైనా తెచ్చినవా?" అని అడిగాను. ఒకటి తెచ్చాడట, వచ్చిన వారంలోనే అయిపోయింది. సీసా ఉంది. వంటింట్లోంచి తెప్పించి మూత తీసి, కళ్లు మూసుకుని, పుస్తకంలో చెప్పినట్టు నెమ్మదిగా పీల్చాను. నువ్వుల నూనె.

సూదిలో దారం ఎక్కించేటప్పుడు వాడే భూతద్దం నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. పువ్వు మీద పెట్టి చూశాను. పుస్తకంలో ఉన్నట్టే, కేసరాలు నిటారుగా లేవు, వెనక్కి వంగి ముడుచుకున్నాయి. బ్లాటినా పువ్వుకు పుప్పొడి ఉన్నా లేనట్టే. పక్కన ఇంకో రకం ద్రాక్ష అదే సమయంలో పూస్తేనే ఇది గింజ పడుతుంది. అక్కడ తరచూ ట్రన్యాక్ అనే రకం పక్కన పెడతారు.

"మల్లేశం, రెండు కట్టలన్నవు. రెండోది ఏది?"

"అది నేను లేనప్పుడే పోయింది. చెదలు దిన్నయట."

చాయ్ పోస్తున్న అతని భార్య సమ్మక్క చెయ్యి ఆగింది. నేను పట్టించుకోలేదు. ఉపన్యాసంలో ఉన్నాను. ఆడ పువ్వు, మగ పుప్పొడి, హెర్జెగోవినా గాలి, అన్నీ చెప్పి, "ఆ రెండో తీగ ఉంటే మొదటి ఏడే కాసేది" అని ముగించాను. అప్పుడు ఆమె కేటిల్ కింద పెట్టింది.

"చెదలు దినలే అన్నా. నేనే కోసిన."

మల్లేశం ఆమె వంక చూశాడు.

"మొదటిసారి పూసినప్పుడు గా రెండో కట్ట తీగలకే పసుపచ్చ పొడి, ముట్టుకుంటె చేతులకంటుతుండె. పోతు అనుకున్న. పోతు బొప్పాయిని పీకేస్తం గద, ఉత్తగ నీళ్లు తాగుతదని. గట్లనే కొడవలితోని కోసిన. మొదలు తవ్వి ఆడ నీళ్లపొయ్యి వెట్టిన."

పందిరి పక్కన స్నానాల నీళ్లు కాగే పొయ్యి ఉంది. ముగ్గురం దాని వంక చూశాము.

"మరి మూడేండ్ల సంది చెప్పవైతివి?" మల్లేశం గొంతు పెద్దది కాలేదు, అదే భయం వేసింది. "నేను చేపల నీళ్లు వోస్తుంటె సూస్కుంట నిలవడ్డవు."

"నాకేం తెలుసు దానికి దీనికి సంబంధమున్నదని? ఉత్తది కోసిన్ననుకున్న. నువ్వు తెచ్చింది కోసిన్నంటె కోప్పడ్తవని చెదలన్న. గిప్పుడు గీ అన్న చెప్తెనే తెలిసె." ఆమె కళ్లు తుడుచుకోలేదు, చాయ్ పోయడం పూర్తి చేసింది. "నువ్వు పోవద్దని దినాం మొక్కుకుంటున్న. పోయేటట్టు జేసింది నా కొడవలే అయింది."

మల్లేశం చాయ్ ముట్టుకోలేదు. "బొప్పాయి తోటల గూడ పదింటికొక పోతు ఉంచుతరే" అన్నాడు. "గా ముసలోడు అంతసేపు చెప్పిండు. నేను తలకాయ ఊపిన. నువ్వన్న కొడవలి వట్టినవు, నేను గదీ జేయలే."

నేను ధైర్యం చేసి, అదే రకం కానక్కరలేదు, ఇప్పుడు పూతలో ఉన్న ఏ ద్రాక్ష పుప్పొడైనా పనికిరావచ్చని చెప్పాను. అప్పటిదాకా తల దించుకున్న సమ్మక్క ఫోను తీసింది. నస్పూర్‌లో ఉండే చెల్లెలితో రెండు నిమిషాలు మాట్లాడి, "శ్రీరాంపూర్ కంపెనీ క్వార్టర్లల్ల ఒక ఆంధ్రామె ఇంటికి ద్రాక్ష పందిరున్నదట. పూతల ఉన్నదట. నాగమణి ఆమె పేరు" అంది. అట్లా, పుస్తకం రెండేళ్లలో చెప్పని చిరునామా తేలింది.

పన్నెండింటికి మల్లేశం బండి మీద వెనక్కి అదే బొగ్గు రోడ్డు. నాగమణి గారిది గుంటూరు వైపు, శ్రీరాంపూర్ వచ్చి ముప్పై ఏళ్లట. ఆయన రాత్రి డ్యూటీ చేసి ముందు గదిలో పడుకున్నారు కనుక బేరమంతా గుసగుసల్లో నడిచింది.

"పూత కోసుకుపోతారా? మరి నా కాయలో? బోస్నియా వాళ్లిస్తారా?"

"నాలుగు గుత్తులు చాలమ్మా" అన్నాను.

"నాలుగంటే నాలుగే. ఈయనేం చేస్తారు?" అని మల్లేశాన్ని అడిగింది. అతను చెప్పాడు. "దర్జీయా?" ఆమె మొహం విప్పారింది. "మా మిషను దారం తెంపుతోంది. ఆయన ప్యాంట్లు రెండున్నాయి, నడుం దగ్గర వదులు చెయ్యాలి. మనిషి ఊరిపోతున్నాడు."

మిషను బాగుచేసి, రెండు ప్యాంట్లు వదులు చేశాను. ప్యాంటు యజమాని నిద్రలోనే ఒకసారి, "ఎవరే?" అన్నారు. "బోస్నియా వాళ్లు, పడుకోండి" అంది ఆమె. ఆరు గుత్తులిచ్చింది, అన్నం పెట్టింది. గోంగూర పచ్చడి కోసమైనా ఆ దారిన పోదగును.

నాలుగింటికి చెన్నూరు చేరాము. ఆ గుత్తులతో అప్పటికప్పుడే పందిరెక్కబోయాను. సమ్మక్క ఆపింది. "పొడి తడిమీద రాలదన్నా. కాయితం మీద ఆరవెట్టాలె. పొద్దుగాల్ల అద్దుదం. సొరపువ్వుకు గట్లనే జేస్త." బస వాళ్లింట్లోనే, నవారు మంచం, జొన్నరొట్టె, దోమలు ఉచితం.

ఆదివారం ఏడున్నరకు చూస్తే కాగితం మీద చిటికెడు పసుపు రంగు పొడి రాలి ఉంది. నేను పెయింటింగ్ బ్రష్షు గురించి చెబుతుండగా ఆమె కోడిపెట్ట ఈక ఒకటి ఏరుకుని, కడిగి తుడిచి, పొడిలో ముంచి, పీట మీద నిలబడి ఒక్కో గుత్తికీ అద్దుతూ పోయింది. మల్లేశం పీట కదలకుండా పట్టుకున్నాడు. గంటంపావు పట్టింది. నేను భూతద్దం పట్టుకుని కింద నిలబడ్డాను. నా అవసరం ఎవరికీ రాలేదు.

"జర మెల్లగ, కొడవలి గాదది" అన్నాడు మల్లేశం.

"నోరు మూస్కొని పీట వట్టు. నీకు తలకాయ ఊపుడొక్కటే వస్తది" అంది ఆమె. నిన్నటి నుంచి వాళ్లిద్దరూ నవ్వడం అదే మొదటిసారి.

పదిన్నరకు మంచిర్యాల బస్సు. బస్టాండులో మల్లేశం జేబులోంచి నీలం అట్ట పాస్‌పోర్టు తీసి నా చేతిలో పెట్టాడు.

"నీ తాన ఉండనీ అన్నా. ఇంట్ల ఉంటె ఏజెంటు ఫోన్ జేసినప్పుడల్ల చెయ్యి అటే వోతుంది. గింజ వడకుంటె ఫోన్ జేస్త, పంపు."

బస్సు గోదావరి దిక్కు మళ్లింది. పాస్‌పోర్టు పట్టుకున్న చెయ్యి జేబులోంచి తీయలేదు, కరీంనగర్ దాకా. నేర్చుకున్నదేమిటంటే, పుస్తకం నాకు జబ్బు పేరు సరిగ్గానే చెప్పింది. మందు మాత్రం సొరపువ్వులు ఎరిగిన మనిషి చేతిలో ఉంది. ఈ రెండింటి మధ్య దూరం బస్సుల్లో, రైల్లో పోగా నాలుగున్నర గంటలు. ఆ దూరం పోయిరావడం కోసమైనా చదవాలి.

పదమూడో రోజున ఫోటో వచ్చింది. పందిరి మొత్తానికి నాలుగు గుత్తులు పట్టాయి. పెద్ద గుత్తికి పదకొండు గింజలు, అగ్గిపుల్ల తలంత. ఈ లెక్కన వైన్ ఒక స్పూనెడు వస్తుంది. చాయ్ హోటలు వాళ్లు నిశ్చింతగా ఉండవచ్చు.

ఈ ప్రయాణంలో సాయం చేసినవారికి కృతజ్ఞతలు: సంచీ మోసి, మర్యాదగా తిరిగిచ్చిన పెద్దపల్లి బస్సు అవ్వకు, పుస్తకం తడబడ్డ ప్రశ్న అడిగిన గౌడ్‌సాబ్‌కు, రెండు గుత్తులు ఎక్కువిచ్చిన నాగమణి గారికి, నిద్ర లేవని ఆమె భర్తకు, పీట పట్టుకున్న మల్లేశానికి, ఈక పట్టుకున్న సమ్మక్కకు. పాస్‌పోర్టు నా గల్లాపెట్టెలో సుద్దముక్కల కింద ఉంది. ఫోటో వచ్చి ఐదు వారాలైంది. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.