మా బావ పడగొట్టిన తిన్నని గోడ

మా బావ తాపీమేస్త్రీ. తన గోడ వంకర అన్నవాడు ఇంకా పుట్టలేదని ఆయనే ఊరంతా చెప్పుకుంటాడు. కింద నుంచి ఇటుకలు అందించేది మా అక్క.

అలాంటి బావ ఒక ఉదయం, నిన్న కట్టిన గోడను చూసి "ఒరిగిపోయిందే!" అన్నాడు. రసమట్టం పెడితే బుడగ నడిమధ్యన నిలిచింది, గోడ తిన్నగానే ఉందన్నట్టు. మట్టమే చెడిపోయిందని పక్కన పారేసి ఇంకోటి తెప్పించాడు. అదీ అదే మాట చెప్పింది. రెండింటినీ నమ్మక, సుత్తి తీసుకుని గోడ పడగొట్టేసి, ఆ ఇటుకల పక్కనే కూలబడి వాంతి చేసుకున్నాడు.

"పొద్దున్నే మొదలెట్టావా మేస్త్రీ?" అన్నాడు ఇంటాయన.

టీ తప్ప మరోటి ముట్టని మనిషి! అయినా అసలు సంగతి దాచాడు. కొన్నాళ్లుగా ఎడమచెవి దిబ్బడేసి హోరు పెడుతోంది. తల తిరుగుతోందని చెబితే పరంజా ఎక్కనివ్వరని ఆయన దిగులు.

అక్క ఊరుకుంటుందా? చెవి డాక్టరమ్మ దగ్గరికి ఈడ్చుకెళ్లింది. సాయానికి నేను.

పరీక్షలయ్యాక ఆవిడ చెప్పింది. "లోపలి చెవిలో ఒక ద్రవం ఊరుతూ ఉంటుంది, ఊరింది ఊరినట్టే పోతూ ఉండాలి. తల ఎటు కదిలినా ఆ ద్రవమే మెదడుకి కబురు చెబుతుంది. మీకది పోక నిలవైపోతోంది. అందుకే ఆ హోరు, ఆ తిరుగుడు."

"కాలవ పూడుకుపోయిందన్నమాట" అన్నాడు బావ.

"దాదాపు అంతే. మందులిస్తాను, ఉప్పు తగ్గించండి. నేను చెప్పేదాకా పరంజా ఎక్కొద్దు."

బావ ముఖం వాడిపోయింది. "ఉప్పు తగ్గిస్తే రోషం కూడా తగ్గుతుందేమోనండీ?"

"తగ్గనివ్వండి, ఉన్నది నాలుగిళ్లకి సరిపోతుంది" అంది అక్క.

మర్నాడు బావ ఇంటాయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తాగలేదయ్యా, చెవి జబ్బు. మీ గోడలో తప్పేం లేదు, తిరిగింది నా తలే. కూలి అడగను, మళ్లీ కట్టిస్తా."

"ఎవరితో?"

బావ తన తాపీ తీసి అక్క చేతికిచ్చాడు. ఇన్నేళ్లూ కింద నుంచి చూసిన పనే కదా, ఆవిడ చీర కుచ్చెళ్లు దోపుకుని చకచకా పరంజా ఎక్కేసింది.

"ఏమే, తిన్నగా! అది గోడా, పామా?" అని కింద నుంచి కేకేశాడు బావ.

"మీ చెవికి అన్నీ పాములేనండీ. ముందు ఇటుక అందించండి!"

బావ గొణుక్కుంటూనే ఇటుక పైకందించాడు.